మన జట్టును మనమే గేలి చేయొచ్చా?

‘బూ’ అనడానికి తెలుగులో సరిపోయే మాట ఒక పట్టాన దొరకదు. గేలి చేయడం అందామంటే అందులో వెక్కిరింత ఉంది గానీ బాధ లేదు. ఊళలు వేయడం అంటే శబ్దం దగ్గరికొస్తుంది, అర్థం దూరం పోతుంది. ఈలలు అందామా అంటే మరీ చిక్కు. గుంటూరులో ఏ సినిమా హాల్లోనైనా ఈల పడిందంటే హీరో తెర మీదికి వచ్చాడని అర్థం. స్పెయిన్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఈలలు మోగాయంటే సొంత ఆటగాడి మీద జనానికి ఒళ్ళు మండిందని అర్థం. రియల్ మాడ్రిడ్‌కి ఆడినప్పుడు క్రిస్టియానో రొనాల్డో కూడా సొంత గ్రౌండ్‌లో ఈ ఈలలు తిన్నవాడే. మన హాల్లో అయితే బెనిఫిట్ షో అనుకుని సంబరపడేవాడు.

కాబట్టి ఈ వ్యాసంలో ‘బూ’ అనే మాటే వాడతాను. ఆట జరుగుతుండగా, మన జట్టు మీద మనమే గట్టిగా చూపించే అసంతృప్తి అని దానికి అర్థం. ఎదుటి జట్టు మీద అరవడం వేరే సంగతి, రిఫరీని తిట్టడం ఇంకో సంగతి. ఇక్కడ ప్రశ్న ఒక్కటే: మన అనుకున్న జట్టు చెత్తగా ఆడుతున్నప్పుడు, తొంభై నిమిషాలు అయ్యేలోపే, మనం బూ అనొచ్చా?

హాస్టల్లో ఈ చర్చ పెడితే గది రెండుగా చీలుతుంది. ఒక వర్గం: “డబ్బు పెట్టాం, టైమ్ పెట్టాం, నిద్ర మానుకున్నాం. బాగా ఆడితే చప్పట్లు కొడతాం, ఆడకపోతే అరుస్తాం. చప్పట్లకి హక్కుంటే అరుపుకీ ఉంది.” రెండో వర్గం: “గెలిచినప్పుడు అందరూ వస్తారు. ఓడుతున్నప్పుడు పక్కన నిలబడేవాడే అభిమాని.” ఇద్దరి మాటా వినసొంపుగానే ఉంటుంది. రెంటిలోనూ ఒక లోటుంది. హక్కుందా, విశ్వాసం ఉందా అని చూస్తున్నారు గానీ, ఆ అరుపు ఎవరికి చేరుతోంది, చేరినవాడు ఏం చేయగలడు అని ఎవరూ అడగడం లేదు. నాకైతే అసలు ప్రశ్న అదే.

ప్రేక్షకుడు వేరు, అభిమాని వేరు

మన ప్రాంతంలో ప్రేక్షకులకి నోరు లేదని ఎవరూ అనలేరు. తెనాలి, బాపట్ల, నరసరావుపేట వైపు పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడిన రోజుల్లో రాగం కుదిరితే “వన్స్ మోర్” అని మళ్ళీ పాడించుకునేవాళ్ళు. కుదరకపోతే అదే జనం గోల చేసి నటుణ్ణి దింపేసేవాళ్ళు. నటుడికీ జనానికీ మధ్య ఆ ఒప్పందం ముందే ఉంది. పాట నచ్చలేదంటే ఆ కేక సూటిగా పాడినవాడికే చేరుతుంది, వాడే దాన్ని సరిదిద్దుకోగలడు. రేపు వేరే నాటకం, వేరే కాంట్రాక్టు. చూసేవాడికి ఎంచుకునే వీలుంది.

అభిమానికి ఆ వీలు లేదు. హోటల్లో ఇడ్లీ బాగోకపోతే రేపు పక్క హోటల్‌కి పోతాం. ఆర్సెనల్ బాగా ఆడటం లేదని వచ్చే వారం నుంచి టోటెన్‌హామ్‌కి చప్పట్లు కొట్టేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఒక పుస్తకం రాశాడు. ఒక సంస్థ దిగజారుతుంటే దాన్ని నమ్ముకున్నవాళ్ళ ముందు రెండు దారులుంటాయంటాడు. ఒకటి వెళ్ళిపోవడం, రెండోది నోరు విప్పడం. విధేయత ఉన్నవాడు వెళ్ళిపోడు కాబట్టి నోరు విప్పుతాడు. అంటే విధేయత, విమర్శ ఒకదానికొకటి శత్రువులు కావు. విధేయత ఉన్న చోటే విమర్శ పుడుతుంది. హాస్టల్ చర్చలో రెండో వర్గం మర్చిపోయేది ఈ ముక్కే. బూ అన్నవాడు అభిమాని కాకుండా పోడు. అసలు పట్టనివాడైతే ఛానల్ మార్చేసి పడుకునేవాడు.

ఇంతవరకు మొదటి వర్గానిదే పైచేయి. అయితే నోరు విప్పే హక్కుందని ఒప్పుకున్నంత మాత్రాన, ఎప్పుడు ఎలా విప్పినా ఫలితం ఒకటే అని కాదు.

అరుపు ఏం చేస్తుంది?

స్టేడియంలో శబ్దం ఉత్త శబ్దం కాదు, పనిచేసే వస్తువు. 2002లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరిశోధనలో 40 మంది రిఫరీలకి ఒకే మ్యాచ్‌లోని 47 ట్యాకిళ్ళ వీడియో చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి శబ్దం లేకుండా. అరుపులు విన్న రిఫరీలు సొంత గ్రౌండ్ జట్టు మీద సుమారు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. కరోనా కాలంలో దీనికి ఇంకో సాక్ష్యం దొరికింది. 2020 మే 16న జర్మనీ బుండెస్‌లిగా ఖాళీ స్టేడియాల్లో మళ్ళీ మొదలైనప్పుడు సొంత గ్రౌండ్‌లో ఆడే జట్ల గెలుపులు బాగా తగ్గాయి. జనం గొంతు జట్టుకి పన్నెండో ఆటగాడు అనే మాట కేవలం పొగడ్త కాదన్నమాట.

మరి ఆ పన్నెండో ఆటగాడు మనవైపే తిరిగి నిలబడితే? ఇక్కడ మనసు పనిచేసే తీరు కొంచెం చూడాలి. వేలసార్లు సాధన చేసిన పనిని శరీరం ఆలోచించకుండా చేస్తుంది. బండి నడిపేటప్పుడు క్లచ్ ఎప్పుడు వదలాలో లెక్కలు వేసుకోం. ఒత్తిడి పెరిగినప్పుడు మనిషి తన చేతుల్నీ కాళ్ళనీ తనే గమనించుకోవడం మొదలుపెడతాడు, దాంతో అలవాటైన పని తడబడుతుంది. రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1984లో ప్రచురించిన ప్రయోగాలు చెప్పింది ఇదే. మనకి దీనికి పరిశోధన అక్కర్లేదు, ల్యాబ్ వైవా చాలు. రోజూ కట్టే సర్క్యూటే, ఎక్స్‌టర్నల్ ఎదురుగా నిలబడి చూస్తుంటే వైరు ఎక్కడ గుచ్చాలో చేతికి తెలియదు.

ఎవరు అరిచారన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం భారత్ మీద మండిపడ్డారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతుంటే స్టేడియమంతా మనవాళ్ళకి వ్యతిరేకంగా హోరెత్తింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్, అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టారు, భారత్ 2-1తో బంగారం గెలిచింది. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్ళకి ఈ కథ తెలుసు. బయటివాళ్ళ అరుపు జట్టును దగ్గరికి చేర్చగలదు, “మనం, వాళ్ళు” అనే గీత గట్టిపడుతుంది. సొంతవాళ్ళ అరుపు ఆ గీతను జట్టు మధ్యలోంచే గీస్తుంది. ఏ ఆటగాడు గీతకి ఇవతల, ఏ ఆటగాడు అవతల అని.

తప్పు చిరునామాకి వెళ్ళిన ఉత్తరం

2024 ఏప్రిల్ 1, వాంఖడే స్టేడియం. ముంబై ఇండియన్స్ కెప్టెన్ హార్దిక్ పాండ్యా టాస్‌కి వస్తే సొంత గ్రౌండ్‌లోనే బూలు మోగాయి. జనాన్ని పద్ధతిగా ఉండమని వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ మైకులో అడగాల్సి వచ్చింది. జనం కోపానికి కారణం అయిదు కప్పులు తెచ్చిన రోహిత్ శర్మని కెప్టెన్సీ నుంచి తప్పించడం. ఆ నిర్ణయం 2023 డిసెంబరులో యాజమాన్యం తీసుకుంది. అరుపు మాత్రం గ్రౌండ్‌లో నిలబడ్డ మనిషికి తగిలింది. ఆ సీజన్ ముంబై పట్టికలో అట్టడుగున ముగించింది. బూల వల్లే అని నేననను, కానీ బూల వల్ల ఎవరూ రోహిత్‌ని మళ్ళీ కెప్టెన్ చేయలేదన్నది మాత్రం కంటికి కనిపించే నిజం.

2022 మార్చి 13న పారిస్ సెంట్ జెర్మేన్ సొంత గ్రౌండ్‌లో బోర్డో మీద 3-0తో గెలిచింది. ఆ గెలుస్తున్న మ్యాచ్‌లో మెస్సీ, నెయ్‌మార్ బంతి ముట్టినప్పుడల్లా సొంత అభిమానులు ఈలలు వేశారు. ఎందుకంటే నాలుగు రోజుల ముందు రియల్ మాడ్రిడ్ చేతిలో ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికొచ్చారు. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. ఫీడ్‌బ్యాక్ మంచిదే, కానీ ఆలస్యంగా వస్తే అదే సిస్టమ్‌ని ఊగిసలాడిస్తుంది. బుధవారం పొరపాటుకి ఆదివారం శిక్ష వేస్తే, ఆదివారం సరిగా ఆడుతున్న కాళ్ళు కూడా తడబడతాయి.

ఇంకో సంగతి. మ్యాచ్ మధ్యలో ఆటగాడు ఏం మార్చుకోగలడు? ఫిట్‌నెస్ మార్చుకోలేడు. తనకి సరిపడని స్థానంలో కోచ్ ఆడిస్తుంటే స్థానం మార్చుకోలేడు. తన బదులు మంచి ఆటగాణ్ణి కొననందుకు యాజమాన్యాన్ని నిలదీయలేడు. మార్చుకోగలిగింది ఒక్కటే, ధైర్యం చేయడమా మానడమా అన్నది. బూ విన్నవాడు సాధారణంగా మానడం వైపే పోతాడు.

దీన్ని మా కాలేజీ గ్రౌండ్‌లోనే చూశాను. పోయినేడు పక్క కాలేజీతో మ్యాచ్, స్కోరు 1-1. మా లెఫ్ట్ బ్యాక్ గోల్‌కీపర్‌కి వెనక్కిచ్చిన పాస్ బలం చాలక మధ్యలో ఆగింది, దాదాపు గోల్ అయినంత పనైంది. అక్కణ్ణుంచి అతని కాలికి బంతి తగిలినప్పుడల్లా మన గట్టు మీంచే “ఊ...” అని మొదలైంది. నేను స్కోరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను కాబట్టి రెండు విషయాలు స్పష్టంగా కనపడ్డాయి. ఒకటి, అతను బంతి అడగడం మానేశాడు. వచ్చిన ప్రతి బంతినీ ఒక్క తన్ను తన్ని లైను బయటికి పంపేస్తున్నాడు. రెండు, అవతలి కోచ్ తన కుర్రాళ్ళకి చేత్తో చూపించి చెప్పాడు, “అటే పోండ్రా, అటే!” మన జట్టులో ఎక్కడ కొట్టాలో అవతలివాళ్ళకి మనమే అరిచి చెప్పినట్టయింది. ఆ వైపు నుంచే రెండు గోల్స్ పడి 3-1తో ఓడిపోయాం. ఈ ఏడు సెలక్షన్స్‌కి అతను పేరివ్వలేదు. ఏడొందల మంది అబ్బాయిలున్న కాలేజీలో ఇప్పుడు ఆ స్థానంలో ఆడేవాడు లేక మిడ్‌ఫీల్డర్ని వెనక్కి లాగి ఆడిస్తున్నారు.

దీనికి ఎదురుమాట ఒకటుంది: “బూలు తిన్నవాళ్ళే గొప్పవాళ్ళయ్యారు కదా?” నిజమే, అలాంటి కథలున్నాయి. 2006 మార్చిలో ఇంగ్లండ్‌తో టెస్టులో సచిన్ 21 బంతులాడి 1 పరుగుకి అవుటైతే ఇదే వాంఖడే అతన్ని బూలతో పంపింది. 2011 ఏప్రిల్ 2న అదే గ్రౌండ్‌లో ప్రపంచకప్ గెలిచాక భుజాల మీద ఊరేగింది కూడా అతనే. హార్దిక్ 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్ వేసి గెలిపిస్తే, వారం తిరక్కుండానే వాంఖడే అతని పేరు జపించింది. ఆర్సెనల్ కెప్టెన్ గ్రానిట్ జాకా కథ ఇంకా పెద్దది. 2019 అక్టోబరు 27న క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్‌లో 61వ నిమిషంలో అతన్ని బయటికి పిలిస్తే ఎమిరేట్స్ స్టేడియం బూ అంది. అతను జెర్సీ విప్పేసి సూటిగా లోపలికి పోయాడు, కెప్టెన్సీ పోయింది. తర్వాత నిలదొక్కుకుని అదే అభిమానుల పాటలు అందుకున్నాడు. 2023లో లెవర్కుసెన్‌కి వెళ్ళి, 2023-24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా బుండెస్‌లిగా గెలిచిన జట్టులో మధ్యలో నిలబడ్డాడు.

అయితే ఈ ముగ్గురూ మనకెందుకు తెలుసు? తట్టుకుని నిలబడ్డారు కాబట్టి. తట్టుకోలేక ఆపేసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు, ఎందుకంటే వాళ్ళు ఆపేశారు. తిరిగొచ్చిన విమానాల మీద బుల్లెట్ రంధ్రాలు చూసి కూలిన విమానాల గురించి తీర్పు చెప్పకూడదని స్టాటిస్టిక్స్ క్లాసులో వింటాం కదా, అదే లెక్క. సచిన్‌కి అప్పటికే పదహారేళ్ళ అనుభవం ఉంది. మా లెఫ్ట్ బ్యాక్‌కి ఉన్నది రెండు మ్యాచ్‌లు.

మరి అరవాల్సిన రోజు రాదా?

వస్తుంది. 1982 ప్రపంచకప్, జూన్ 25, స్పెయిన్‌లోని హిహోన్ పట్టణం. పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడుతున్నాయి. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే రెండు జట్లూ ముందుకి పోతాయి, ముందురోజే తన మ్యాచ్‌లు పూర్తి చేసిన అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. ఆ తర్వాత ఆట ఆట కాదు, బంతిని అటూ ఇటూ దొర్లించడం. స్పెయిన్ జనమే కాదు, జర్మనీ నుంచి వచ్చినవాళ్ళూ సొంత జట్టు మీద తిరగబడ్డారు. ఒక జర్మన్ అభిమాని తన దేశం జెండానే తగలబెట్టాడు. మ్యాచ్ 1-0తోనే ముగిసింది. కానీ ఆ గొడవ ఊరికే పోలేదు. 1986 నుంచి ప్రపంచకప్ గ్రూపు చివరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి పెడుతున్నారు.

ఇక్కడ ఆట మధ్యలో బూ ఎందుకు న్యాయం? నేను పైన పెట్టిన రెండు ప్రశ్నలే మళ్ళీ అడగండి. అరుపు ఎవరికి చేరుతోంది? ఆటగాళ్ళకే. వాళ్ళు ఇప్పటికిప్పుడు మార్చగలరా? మార్చగలరు, ఆడటం మొదలుపెడితే చాలు. చేతకానితనం మీద అరవడం వేరు, ఆడనని కూర్చున్నదాని మీద అరవడం వేరు. పాస్ తప్పినవాణ్ణి గేలి చేస్తే తర్వాతి పాస్ కూడా తప్పుతుంది. పరిగెత్తనివాణ్ణి గేలి చేస్తే పరిగెత్తొచ్చు.

ఇక చిరునామా యాజమాన్యానిదైతే దారి వేరు. 2016లో లివర్‌పూల్ యజమానులు కొత్త స్టాండ్‌లో కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లు చేస్తామన్నారు. ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచారు. ఏ ఆటగాడినీ ఒక్క మాటనలేదు. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరల్ని వెనక్కి తీసుకున్నారు. కానీ దీనికీ ఖరీదుంది. జనం లేచేటప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, సగం గొంతు బయటికి పోయాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది. రెండు పాయింట్లు పోయినా పర్లేదనుకున్నారు వాళ్ళు. ఏం పోగొట్టుకుంటున్నారో తెలిసి చేసిన నిరసన అది. అరుపుకీ నిరసనకీ తేడా అక్కడే ఉంది.

ఎవరూ అరవని గ్రౌండ్

బూ కంటే భయంకరమైంది ఒకటుంది. 2018 జూన్ 1న ముంబైలో చైనీస్ తైపే మీద భారత్ 5-0తో గెలిచింది, సునీల్ ఛెత్రీ మూడు గోల్స్ కొట్టాడు. చూడటానికి వచ్చింది 2,569 మంది. మర్నాడు ఛెత్రీ చేతులు జోడించి ఒక వీడియో పెట్టాడు. దాని సారాంశం: ఇంటర్నెట్‌లో తిడితే ఏం సరదా, స్టేడియానికి వచ్చి మా మొహం మీదే తిట్టండి, అరవండి, కానీ రండి. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. దేశం కెప్టెన్, గెలిచిన మర్నాడు, తిట్టడానికైనా రమ్మని బతిమాలాడంటే హిర్ష్‌మన్ చెప్పిన రెండు దారుల్లో ఏది ప్రాణాంతకమో అర్థమవుతుంది. నోరు విప్పేవాడు జట్టుని బాధపెడతాడు. వెళ్ళిపోయేవాడు చంపేస్తాడు.

మనకి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో మొదలై, తొలి సీజన్‌లో ఆఖరి స్థానంలో ఉండి, కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో పైకి లేచింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. రహీమ్ సాబ్ ఊరికి మళ్ళీ ఫుట్‌బాల్ వచ్చిందనుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో జట్టు మళ్ళీ అట్టడుగుకి పోయింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది.

ఆ చివరి రోజుల్లో గచ్చిబౌలి గ్రౌండ్‌లో నిలబడి ఓడిపోతున్న కుర్రాళ్ళని ఎవరైనా బూ అని ఉంటే, అంతకంటే తప్పు చిరునామా ఇంకోటి ఉండదు. పెద్దవాళ్ళు వెళ్ళిపోగా మిగిలి, జెర్సీ తొడుక్కుని దిగినవాళ్ళు వాళ్ళు. అరవాల్సింది ఖాతా పుస్తకాల మీద. అది అరవడానికి డెక్కన్ లీజియన్ లాంటి ఒక అభిమాన బృందం చాలదు, ఊరు మొత్తం కావాలి. కోల్‌కతాలోనో కేరళలోనో ఒక పెద్ద క్లబ్ ఇలా జారిపోతుంటే రోడ్డు మీద జనం ఉంటారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ వార్త క్రీడల పేజీ దాటి పెద్దగా రాలేదు. అరిచేవాళ్ళు లేకపోవడమే అసలు నష్టమని ఆ కథ చెబుతోంది.

గీత ఎక్కడ గీయాలి?

అరుపు అరుపుగా ఆగకపోతే ఏమవుతుందో 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్ చూపించింది. శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్, మన కెప్టెన్ హైదరాబాదీ అజహరుద్దీన్. 252 కొట్టాల్సిన భారత్ 120కి 8 వికెట్లు పోగొట్టుకుంది. సీసాలు పడ్డాయి, స్టాండ్లలో మంటలు లేచాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్ ఆపి శ్రీలంకకి ఇచ్చేశాడు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ బయటికి వచ్చిన దృశ్యం మన నాన్నల తరానికి ఇప్పటికీ గుర్తే. అలాగే జాకా విషయంలో, తన భార్య గురించి, పసిబిడ్డ గురించి జనం ఆన్‌లైన్‌లో రాసిన మాటలు తనని ఎలా కుంగదీశాయో అతనే తర్వాత బయటపెట్టాడు. సీసా, కులం, మతం, ఇంట్లో ఆడవాళ్ళు... వీటిలో ఏది వచ్చినా అది బూ కాదు, ఆటకి సంబంధించిన మాటే కాదు. దాని మీద చర్చ అనవసరం.

సరైన చిరునామా ఎలా ఉంటుందో తెలియడానికి ఈడెన్ దాకా పోనక్కర్లేదు. కోటప్పకొండ తిరునాళ్ళకో సంక్రాంతికో మన ఊళ్ళలో జరిగే బండలాగుడు పందేలు చూడండి. ఒంగోలు గిత్తలు బండని లాగుతుంటే ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. జనం గొంతులు చించుకుంటారు. జత మధ్యలో మొరాయిస్తే? గిత్తల్ని ఎవరూ గేలి చేయరు, కేక ఇంకాస్త పెంచుతారు. పందెం అయ్యాక మాత్రం తోలినవాళ్ళని, మేపినవాళ్ళని, తగని విభాగంలో దింపినవాళ్ళని చెట్టు కింద నిలబెట్టి మాటలతో కడిగేస్తారు. బండ కదులుతున్నంతసేపూ ఒక పని, ఆగాక ఇంకో పని. ఎవరికి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆ గుంపుకి ఎవరూ నేర్పలేదు.

కాబట్టి నా సమాధానం ఇదీ. సొంత జట్టుని విమర్శించే హక్కు అభిమానికి ఉంది, వాడుకోవాలి కూడా. కానీ ఆట నడుస్తుండగా పొరపాటు చేసిన ఆటగాడి మీద బూ అనడం ఆ హక్కుని వృథా చేయడమే. ఆడగలిగీ ఆడనప్పుడు ఆ నిమిషంలోనే అరవండి. ఆడలేక తప్పు చేసినప్పుడు ఆఖరి విజిల్ దాకా ఆగండి. తప్పు కోచ్‌దో మేనేజ్‌మెంట్‌దో అయితే వాళ్ళకి వినపడే చోట, వాళ్ళకి నష్టం తగిలే పద్ధతిలో చెప్పండి.

వచ్చే నెల మన గ్రౌండ్‌లో ఇంటర్‌కాలేజ్ మ్యాచ్‌లు మొదలవుతున్నాయి. మన జట్టుకి ప్రాక్టీస్‌కి సరైన నెట్లు లేవు, సాయంత్రం అయిదు తర్వాత గ్రౌండ్ దొరకదు, ఉన్న ఒక్క జత గ్లవ్స్‌ని ఇద్దరు గోల్‌కీపర్లు పంచుకుంటున్నారు. ఈ మూడింటి మీదా అరవాలని ఉంటే నేనూ వస్తాను, స్పోర్ట్స్ కమిటీ మీటింగ్ ప్రతి శనివారం ఉంటుంది. మ్యాచ్ రోజు మాత్రం లెఫ్ట్ బ్యాక్ కాలికి బంతి తగిలినప్పుడు గట్టు మీంచి ఒకటే మాట వినపడాలి: “ఆడరా, ఏం కాదు!”